విప్పి పెట్టిన బండి

పోయిన నెలలో కమ్మల మర ఊడిపోతే బాగు చేయించుకుందామని ప్రొద్దుటూరు పోయాను. కంసలి ఆయన "ఒక గంట తిరిగి రా మేడం" అన్నాడు. ఆయన గంటంటే పూట అని నాకు తెలుసు. ఎండ తప్పించుకుందామని పక్క సందులోకి తిరిగితే అక్కడొక మోటారు సైకిళ్ల అంగడి కనబడింది. ముందర ఒక యువకుడు తన చిన్న స్పోర్ట్స్ బండిని నిలబెట్టుకుని అంగడాయనతో వాదులాడుతున్నాడు. వెనక చక్రానికి వెడల్పాటి టైరు వేయించుకోవాలని అతని సరదా.

"రెండు సైజులు పెంచన్నా. చూసేకి దిట్టంగా ఉండాల," అంటున్నాడు.

నా నోరు ఊరుకునే రకం కాదు. "ఒక్క సైజే పెంచుకో నాయనా. రెండు పెంచితే టైరు పోయి చైనుకు రాసుకుంటాది. పికప్పూ తగ్గుతాది," అన్నాను.

ఇద్దరూ తిరిగి చూశారు. నెరిసిన జుట్టు, చేతిలో గుడ్డసంచి, చూస్తేనే బడిపంతులమ్మనని తెలిసిపోయే వాలకం. "నీకెట్ల తెలుసు మేడం? మీ ఇంట్లో ఎవురన్నా మెకానిక్కులు ఉండారా?" అన్నాడు అంగడాయన. ఎవరూ లేరని చెప్పి వచ్చేశాను. అబద్ధమేమీ కాదు, ఇప్పుడు ఎవరూ లేరు. అయినా కొత్త రబ్బరు వాసన ముక్కుకు తగిలాక అక్కడ నిలబడడం నా వల్ల కాలేదు. కమ్మలు కూడా తీసుకోకుండానే బస్సెక్కాను. బస్సులో ఏడిస్తే పక్కామె ఏమనుకుంటుందోనని కొంగు అడ్డం పెట్టుకున్నాను.

నాకు టైర్ల సంగతి చెప్పింది మా అన్న.

మాది ప్రొద్దుటూరుకూ జమ్మలమడుగుకూ నడుమ ఒక పల్లె. తాతల కాలంలో మిషను దొరల దగ్గర బాప్తిస్మం తీసుకున్న కుటుంబం. నాయన మిషను బడిలో పంతులుగా చేస్తూ మా చిన్నప్పుడే పోయాడు. ఇంట్లో మిగిలింది అమ్మ, అన్న, నేను. అన్న కలమల్ల దగ్గర కరెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. నవ్వితే ముందు కళ్లు మూతపడేవి, తర్వాత నోరు తెరుచుకునేది.

ఆయన దగ్గర ఒక బండి ఉండేది. ఎర్ర ట్యాంకుది, ముందుకు వంగి కూర్చుని తోలాల్సిన నూరు సీసీల చిన్న బండి. ప్రొద్దుటూరులో ఖాదర్ మామ అనే మెకానిక్ దగ్గర సెకండ్ హ్యాండులో కొన్నాడు. ఊళ్లో అంత వేగం పోయే బండి ఇంకొకటి లేదు. విడ్డూరమేమిటంటే, ఆ బండి ఉన్నవాడు డ్యూటీకి బస్సులో పోయేవాడు. ఎందుకంటే బండి ఎప్పుడూ మా పంచలో ఇటుకల మీద నిలబడి ఉండేది. ఒకసారి ముందు చక్రం ఉండదు, ఒకసారి వెనకది ఉండదు. రెండూ ఉన్నాయనుకుని సంతోషిస్తే సైలెన్సర్ ఉండదు.

ప్రొద్దుటూరు నుంచి బస్సు దిగేటప్పుడు ఆయన భుజానికి టైరు ఉండేది. కండక్టరు దానికి లగేజీ టికెట్టు కొట్టాలంటాడు, ఈయన భుజాన వేసుకున్నది లగేజీ ఎట్లవుతుందంటాడు. బస్సు బస్సంతా ఆ పంచాయితీ విని నవ్వేది. ఇంటికి రాగానే కాళ్లు కూడా కడుక్కోకుండా గడప మీద కూర్చుని టైరును ఒళ్లో పెట్టుకునేవాడు. బొటనవేలి గోరు రబ్బరులో గుచ్చి, తీసి, ఆ గుర్తు ఎంతసేపటికి మాసిపోతుందో చూసేవాడు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు.

"ఏందిరా అది, మామిడిపండా?" అనేది అమ్మ.

"మెత్తగుండాదిమా. ఇది రోడ్డును పట్టుకుంటాది. పాతది రోడ్డు మీద జారతాది, అంతే," అనేవాడు.

నన్ను పిలిచి నా గోరు కూడా గుచ్చమనేవాడు. గాడి ఎందుకు ఉంటుందో, వానకు నీళ్లు ఏ దారిన పోతాయో, టైరు మీద బాణం గుర్తు ఎటు ఉండాలో చెప్పేవాడు. వెనక టైరు సైజు పెంచితే ఏమవుతుందో చూపించడానికి ఒకసారి నిజంగానే పెద్దది వేసి, చైనుకు రాసుకుంటుంటే చక్రం చేత్తో తిప్పి నాకు ఆ చప్పుడు వినిపించాడు. నేను టీచరు ట్రైనింగు చదువుకుంటున్న రోజులవి. మా ట్రైనింగు కాలేజీలో ఎవరూ అంత ఓపికగా పాఠం చెప్పలేదు.

టైర్ల తర్వాత షాకబ్జర్లు మార్చాడు. ముందు చక్రానికి డిస్కు బ్రేకు వేయించాడు. చైను, దాని పళ్ల చక్రాలు మార్చాడు. హ్యాండిల్ కోసి కిందికి దించాడు. ఎప్పుడు అడిగినా ఒకటే మాట చెప్పేవాడు. "ఇంగొక్కటుంది. అది మారిస్తే అయిపోతాది." ఆ ఒక్కటి వచ్చేది, ఇంకో ఒక్కటి పుట్టేది.

మా చర్చి అయ్యగారికి హాస్యం ఎక్కువ. ఇంటికి ప్రార్థనకు వచ్చినప్పుడు అందరి కోసం ప్రార్థించి, చివర్న కళ్లు మూసుకునే "ప్రభువా, ఈ బిడ్డ బండికి రెండు చక్రాలూ ఒకేసారి దయచేయి" అన్నాడు. అమ్మ నవ్వాపుకోలేక ఆమెన్ అనడం మర్చిపోయింది. మైదుకూరు వైపు నుంచి ఒక సంబంధం వాళ్లు వచ్చారు. పిల్లోడు బండి కింద పడుకుని ఉన్నాడు, మొహమంతా గ్రీజు. ఆ పెద్దమనిషి కాఫీ తాగి, బండిని ఒకసారి చూసి, "మీ పిల్లోడు మంచోడేమ్మా. కానీ ఏ పనీ ముగించే రకం మాదిరి లేడు," అని చెప్పి వెళ్లిపోయాడు. మేము చాలా రోజులు ఆ మాట చెప్పుకుని నవ్వుకున్నాం. నేనూ అట్లాగే అనుకున్నాను, ఆయనది పని తెగని స్వభావమని.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. ఊళ్లో ఒక పెద్ద ఇల్లుండేది. మిద్దె మీద మిద్దె కట్టిన ఇల్లు కాబట్టి మేడింటోళ్లు అనేవాళ్లం. ఒక పార్టీకి వాళ్లు, ఇంకో పార్టీకి పక్క ఊరి వాళ్లు. జెండాలు మారినా పగ మాత్రం మారలేదు. మేడింటి నుంచి కబురొస్తే ట్రాక్టరైనా, ఎద్దులబండైనా, మోటారు సైకిలైనా పంపాల్సిందే. పెట్రోలు పోసి మరీ పంపాలి. ఇవ్వనంటే ఎదుటి వర్గంలో చేరినట్టు. ఇస్తే ఈ వర్గంలో చేరినట్టు. మధ్యలో నిలబడడానికి మా ఊళ్లో జాగా లేదు. దీన్ని పౌరుషమని, రాయలసీమ రోషమని రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్ల పంచలో బండి లేదు, వాళ్ల ఇంటికి కబురు రాలేదు.

అయితే దీనికి ఒక చిన్న మినహాయింపు ఉండేది. రిపేరులో ఉన్న బండిని అడగరు. ట్రాక్టరు ఇంజను దించి ఉంటే "సరేలేప్పా" అని పక్కింటికి పోతారు. అది ఇవ్వననడం కిందికి రాదు. ఆ మినహాయింపులో మా అన్న ఎన్నేళ్లు బతికాడో నాకు చివర్లో గానీ తెలియలేదు.

నాకు ఉద్యోగం వచ్చింది. పులివెందులకు ఇవతల ఒక ఊళ్లో ప్రాథమిక బడి. చేరడానికి గడువు ముగిసే రోజున జిల్లా బందు. ఎక్కడో ఎవరినో నరికారు, ఒక పార్టీ వాళ్లు బందన్నారు, బస్సులు డిపో దాటలేదు. ఆటోలు లేవు. నేను సర్టిఫికెట్ల సంచి ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఏడుస్తున్నాను. అన్న నన్ను చూశాడు. బండిని చూశాడు. చాలాసేపు బండి వైపే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత చొక్కా విప్పి కొయ్యకు తగిలించి పని మొదలుపెట్టాడు.

ఏళ్లకేళ్లు తెగని పని పొద్దెక్కేలోగా తెగిపోయింది. చక్రాలు ఎక్కాయి, చైను బిగిసింది, బ్రేకు పట్టింది. ఇంక మార్చాల్సిందేమీ మిగల్లేదని, ఎప్పటి నుంచో మిగల్లేదని నాకు అప్పుడే అర్థమై ఉండాల్సింది. సంతోషంలో నాకేమీ తట్టలేదు.

జమ్మలమడుగు దాటి ముద్దనూరు ఘాటు ఎక్కాం. రోడ్డు మీద మనిషి లేడు. నేను మా అన్న వెనక అట్లా కూర్చోవడం అదే మొదలు. మలుపులో బండి పక్కకు వాలింది. నేను కెవ్వుమన్నాను. "భయపడాకు పాపా, పట్టుకుంటాది," అన్నాడు. నిజంగానే పట్టుకుంది. మలుపు మలుపుకూ రోడ్డును వదలకుండా పోతుంటే నాకు భయం పోయి నవ్వొచ్చింది. ఆయన కూడా నవ్వుతున్నాడని వీపు కదలడం చూసి తెలుసుకున్నాను. మా అన్న అంత సంతోషంగా ఉండగా నేను ఇంకెప్పుడూ చూడలేదు.

ఘాటు పైన ఆపాడు. దిగి ముందు టైరు మీద అరచేయి పెట్టాడు. నన్నూ పెట్టమన్నాడు. జ్వరమొచ్చిన బిడ్డ నుదురంత వెచ్చగా ఉంది.

"ఇట్ల వెచ్చగైతేనే పట్టుండేది," అన్నాడు.

"ఇంత బాగా పోతాది గదన్నా. ఎందుకు దీన్ని ఎప్పుడు చూసినా ఇప్పి పెట్టుకుంటావు?"

ఆయన రోడ్డు రెండు వైపులా చూసి వచ్చి రాయి మీద కూర్చున్నాడు.

"కొన్న కొత్తలో ఒకసారి మేడింటోళ్లు అడిగితే ఇచ్చినా పాపా. ఒక పూటకని తీస్కపోయినారు. మర్సనాడు తెచ్చిచ్చినారు. కడిగి తెచ్చినారు."

"కడిగితే మంచిదే గదా?"

"మన ఊర్లో అడిగి తీస్కపోయిన బండిని కడిగి తిరిగిచ్చేవాడు ఎవుడన్నా ఉండాడా? చక్రాలు, స్పోకులు, అన్నీ బ్రష్షేసి రుద్దినారు. యాడికి పోయినారో నేను అడగలే. ఆ మర్సనాడు పేపర్లో చూసినా, యాడికి పోయినారో." తల వంచుకుని చేతులు రుద్దుకున్నాడు. "ఆ టైర్లు నాకు కండ్లతో చూసేకి కాలే. పీకేసి కొత్తవి తెచ్చినా. మల్లా బిగిస్తాంటే అనిపించింది. బిగిస్తే అడుగుతారు. ఇప్పి పెడితే ఎవురూ అడగరు. అంతే పాపా. ఇంగొకటి ఇంగొకటని మార్చుకుంటా ఉండా."

"అమ్మేయొచ్చు గదన్నా."

"అమ్మితే కొన్నోన్ని అడుగుతారు," అన్నాడు. బండి వైపు చూసి, "అయినా ఇది నాకు ఇష్టం పాపా. నా బతుకులో నాదని ఉండేది ఇదొక్కటే," అన్నాడు. "నేను ఎవురి మనిషినీ కాకూడదు. నాయన ఎవురి మనిషీ కాకుండానే పోయినాడు. నేనూ అట్లే ఉండాల."

ఆయన లేచి ప్యాంటు దులుపుకుని, "పోదాం పా, నీ ఉద్యోగం పోతాది," అన్నాడు. నన్ను బడిలో చేర్పించాడు. ఆ ఊళ్లోనే మా సంఘానికి తెలిసిన వాళ్ల ఇంట్లో నాకు గది మాట్లాడాడు. "పోగానే ఇప్పేస్తాలే," అని చెప్పి బండి ఎక్కాడు.

మిగిలింది అమ్మ చెప్పగా విన్నది. తిరుగు దారిలో జమ్మలమడుగులో బండి చుట్టూ జనం మూగారట. అందులో మేడింటి మనిషి ఒకడున్నాడు. అన్న వాణ్ణి చూసి నేరుగా ఇంటికొచ్చి, అన్నం కూడా తినకుండా వెనక చక్రం విప్పి పక్కన పెట్టేశాడు. పొద్దున్నే ఆ మనిషి ఇంకొకణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు.

"నిన్న జమ్మలమడుగులో తిరిగిన బండి ఇదేగదప్పా?"

"ఔ మామా. బేరింగు చప్పుడొస్తాందని ఇప్పినా."

"బిగించు," అన్నాడట ఆ మనిషి. "మేం కూచ్చుంటాం."

మా నులక మంచం వాల్చుకుని కూర్చున్నారు. అమ్మ టీ ఇచ్చింది. ఇవ్వకుండా ఉండే ధైర్యం ఆమెకు లేదు. అన్న చక్రాన్ని గుడ్డతో తుడిచాడు. బేరింగులో గ్రీజు మార్చాడు. చైను ఒక్కొక్క లింకే నూనె రాశాడు. ఒక నట్టు పారేసుకుని వెతికాడు. వాళ్లు తొందర పెట్టలేదు, కేకలేయలేదు. తీరిగ్గా టీ తాగి, గ్లాసులు కింద పెట్టి, వానల సంగతి మాట్లాడుకున్నారు. అంత పొడుగు పొద్దులో మా అన్నకు ఒక్క దారి దొరకలేదు. ఆ పంచలో కూర్చుని ఆ చక్రం బిగించేటప్పుడు మా అన్న మనసులో ఏమున్నదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం సయించదు.

బిగించాక తాళం చేతికివ్వబోయాడు. "నువ్వే తోలాలబ్బా. మీ బండి మాకు లొంగదు. ఈయప్పను జమ్మలమడుగులో దించి రా, అంతే," అన్నాడు మేడింటి మనిషి, పక్కనున్నవాణ్ణి చూపించి. అన్న లోపలికొచ్చి కడవలోంచి నీళ్లు తాగాడు. "దించేసి వస్తామ్మా. వచ్చినాక ఇంగ అమ్మేస్తా," అన్నాడు. అమ్మ నెత్తిన చేయి పెట్టబోతే అప్పటికే గుమ్మం దాటాడు.

పెన్నకు ఇవతల ఎదుటి వర్గం వాళ్లు కాచుకుని ఉన్నారు. వాళ్లకు కావాల్సింది వెనక కూర్చున్నవాడు. వాడు దూకి పొలాలకు అడ్డంపడి పారిపోయాడు. బాంబు తగిలింది మా అన్నకు.

మధ్యాహ్నం బడికి ఖాదర్ మామ జీపు మాట్లాడుకుని వచ్చాడు. ఉద్యోగంలో చేరిన మర్నాడు, నల్లబల్ల మీద అ, ఆలు రాస్తున్నాను. "పోదాం పా బిడ్డా," అన్నాడు, అంతే. ముద్దనూరు ఘాటు దిగుతుంటే ఆయన చొక్కా కొసతో కండ్లు అద్దుకోవడం చూశాను.

శవం ఇంటికొచ్చేసరికి వీధి నిండా తెల్లచొక్కాలు. ఎవరెవరో జీపుల్లో వచ్చారు. మా అన్న పేరు చెప్పి అమర్ రహే అంటున్నారు. ఆయన శవపెట్టె మీద పార్టీ జెండా కప్పి ఉంది. అయ్యగారు బైబిలు పట్టుకుని ఒక పక్కన నిలబడ్డాడు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనట్టు. మేడింటి పెద్దాయన అమ్మ ముందుకొచ్చి చేతులు జోడించాడు.

"నీ కొడుకు మాకోసరం పానమిచ్చినాడమ్మా. మావోడు. మేము మర్చిపోము."

అమ్మ టీ ఇచ్చిన చేతులతో జెండా కొసలు పట్టుకుని తీసింది. ఆగమని ఎవరో అన్నారు. ఆమె ఆగలేదు. దాన్ని నాలుగు మడతలు పెట్టి పెద్దాయన చేతుల్లో పెట్టింది.

"వాడియ్యలేదు నాయనా. మీరు తీస్కున్నారు," అంది. "ఇది మీది. తీస్కపోండి. వాడు నావోడు."

పెద్దాయన జెండా చంకలో పెట్టుకుని జీపెక్కాడు. ఆయన వెంట తెల్లచొక్కాలు పోయాయి. వాళ్ల వెనకే మా ఊరి వాళ్లూ ఒక్కొక్కరు కదిలారు. పెట్టె మోయడానికి భుజం పెట్టినవాళ్లు దాన్ని మెల్లగా కింద దించి, మా మొహాలు చూడకుండా పోయారు. మా బంధువులు కూడా పోయారు. వాళ్లను నేను తిట్టను. వాళ్ల ఇళ్లకూ కబుర్లు వస్తాయి.

వీధిలో పెట్టె, అమ్మ, నేను, అయ్యగారు, ఖాదర్ మామ, ఫ్యాక్టరీ నుంచి డ్యూటీ బట్టల్లోనే వచ్చిన కొందరు కాంట్రాక్టు మనుషులు మిగిలాం. మాలో ఆడవాళ్లు పెట్టె మోసే ఆచారం లేదు. ఎవరినీ అడగకుండా నేను ఒక మూల పట్టుకున్నాను. ఖాదర్ మామ నా ముందు మూల పట్టుకుని తన భాషలో ఏదో చెప్పుకుంటూ నడిచాడు. అయ్యగారు కీర్తన ఎత్తుకున్నాడు, అమ్మ అందుకుంది. సమాధుల తోట దాకా మా పాటకు తోడు ఒక్క గొంతు కలవలేదు. పెట్టె కొన నా భుజాన్ని కోస్తోంది. అన్నా, అన్నా అని ఏడుస్తూనే మోశాను.

మర్నాడు పేపర్లో ఫలానా వర్గీయుడి హత్య అని వేశారు. పోలీసు కాగితాల్లోనూ అదే రాసుకున్నారు. రాసుకోనీ. మట్టిలో పెట్టేటప్పుడు ఆయన మీద తెల్లదుప్పటి తప్ప ఏమీ లేదు. మా అన్న ఎవరి మనిషీ కాకుండానే పోయాడు. బతికుండగా అమ్మా నేనూ ఆయన్ను కాపాడుకోలేకపోయాం. అదొక్కటి మాత్రం కాపాడాం.